వాట్సాప్ ఉండగా బ్రౌజర్ కాల్ ఎవరికి కావాలి? ఆపరేటర్ వైపు నుంచి నా జవాబు

"అనంతపురంలో 3 వేల కనెక్షన్ల బ్రాడ్‌బ్యాండ్ నడుపుతున్నాను అన్నా. యాప్ లేకుండా బ్రౌజర్‌లోంచే కాల్ చేయించే వెబ్‌ఆర్‌టీసీతో టెలికాం ఆపరేటర్లు కొత్త సర్వీసులు తేవచ్చని చాలామంది రాస్తున్నారు. అందరి ఫోన్లలో వాట్సాప్ ఉండగా బ్రౌజర్‌లోంచి కాల్ ఎవరు చేస్తారు? ఇది పెద్ద కంపెనీల వ్యవహారమా, మాలాంటి వాళ్లకూ ఏమైనా ఉందా?" అని మీరు అడిగారు.

నేను కర్నూలులో ఎక్స్ఛేంజీ ఉద్యోగంతో మొదలుపెట్టాను. తర్వాత బెంగళూరులో సిప్ ట్రంకులు (ఇంటర్నెట్ పద్ధతిలో ఫోన్ కాల్స్ మోసే లైన్లు), ఎస్‌బీసీలు (రెండు నెట్‌వర్క్‌ల మధ్య కాల్స్‌కి కాపలా కాసే పెట్టెలు), కాల్స్ కలిపే వాయిస్ కోర్ చూసుకుంటూ 20 ఏళ్లకు పైగా గడిచిపోయాయి. ఇప్పుడు మళ్లీ కర్నూలుకే వచ్చి చిన్న ఆపరేటర్లకు, ఆసుపత్రులకు ఇవే పనులు చేసిపెడుతున్నాను. చెప్పాల్సింది చాలా ఉంది, కాస్త ఓపిక పట్టండి తమ్ముడూ.

వాట్సాప్‌కి పోటీగా ఇంకో కాలింగ్ యాప్ పెట్టాలని ఎక్కడైనా మనసులో ఉంటే ముందు అది తీసేయండి. మనిషికీ మనిషికీ మధ్య జరిగే కాల్ ఆపరేటర్ చేయి దాటిపోయి చాలా ఏళ్లయింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక దానికి విడిగా ధర కూడా లేకుండా పోయింది. ఇంకా డబ్బులు పలికేది మనిషికీ, వ్యాపారానికీ మధ్య జరిగే కాల్. ఆసుపత్రికి, మండీకి, బ్యాంకుకి, మీ సొంత కంప్లైంట్ నంబరుకి వచ్చే కాల్ అన్నమాట. అక్కడ వాట్సాప్ కంటే ఆపరేటర్ దగ్గర ఎక్కువ సరుకు ఉంది. ఊరందరికీ తెలిసిన నంబరు ఉంది, బిల్లు ఉంది, కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో తెలిసిన రికార్డు ఉంది. వెన్న చేతిలో పెట్టుకుని నేతి కోసం ఊరంతా తిరిగినట్టు, ఇవన్నీ ఉంచుకుని యాప్‌ల వెంట పడ్డారు మనవాళ్లు.

వెబ్‌ఆర్‌టీసీ ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. మైకు, కెమెరా, కోడెక్ (మాటని, బొమ్మని కుదించి పంపే పద్ధతి), ఎకో తగ్గించే కోడ్, ఎన్‌క్రిప్షన్ అన్నీ బ్రౌజర్‌లోనే ఉంటాయి. పేజీ రాసేవాడు జావాస్క్రిప్ట్‌తో వాటిని పిలుచుకుంటే చాలు, వాడేవాడు ఏదీ ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదు. గూగుల్ 2010లో గ్లోబల్ ఐపీ సొల్యూషన్స్ అనే కంపెనీని కొని, దాని ఆడియో, వీడియో కోడ్‌ని 2011లో అందరికీ విడుదల చేసింది. ఆపిల్ సఫారీలోకి ఇది 2017లో వచ్చింది. 2021 జనవరిలో, వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూత్రీసీ సంస్థ అధికారిక ప్రమాణం అయింది. అంటే ఇప్పుడిది ప్రయోగం కాదు, మీ కస్టమర్ జేబులో ఉన్న ఫోన్‌లో ఇప్పటికే ఉంది.

మీ ఊరి ఉదాహరణే తీసుకుందాం. మార్కెట్ యార్డులో చీనీకాయల (బత్తాయిల) కమీషన్ వ్యాపారి ఉన్నాడు. ఢిల్లీ నుంచి కొనేవాడు అతని షాపు నంబరుకి ఫోన్ చేసి "కాయ సైజు ఎంత, పొట్టు మీద మచ్చ ఉందా" అని అడుగుతాడు. ఇప్పుడు ఏం జరుగుతోంది? షాపులో గుమాస్తా తన సొంత ఫోన్‌లో ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపుతాడు. రేపు ఆ గుమాస్తా పక్క షాపుకి మారితే కొనేవాడు కూడా వాడి వెంటే పోతాడు. నంబరు షాపుది, సంబంధం మాత్రం గుమాస్తాది. దీని బదులు ఆపరేటర్ ఆ షాపు నంబరునే బ్రౌజర్‌లోకి తెచ్చాడనుకోండి. షాపు నంబరుకి వచ్చిన కాల్ కౌంటర్‌లో ఉన్న పాత కంప్యూటర్‌లో మోగుతుంది. మాట్లాడుతుండగానే ఒక బటన్ నొక్కితే అవతలి మనిషికి ఎస్‌ఎంఎస్‌లో లింకు వెళ్తుంది. ఆయన దాన్ని తెరిస్తే, యార్డులో కుప్ప దగ్గర ఉన్న కుర్రాడి కెమెరా కనిపిస్తుంది. ఎవరు ఎప్పుడు ఎంతసేపు మాట్లాడారన్న లెక్క షాపు ఖాతాలో ఉంటుంది. గుమాస్తా మారినా నంబరు, చరిత్ర యజమాని దగ్గరే ఉంటాయి. ఆ వ్యాపారి నెలనెలా డబ్బు కట్టేది దీనికి. వీడియో కాల్‌కి కాదు.

పెద్ద ఆపరేటర్లు ఈ దారిలో ఎప్పుడో నడిచారు, పడ్డారు కూడా. స్పెయిన్ టెలిఫోనికా 2012లో టోక్‌బాక్స్ అనే వీడియో కాల్ కంపెనీని కొంది, 2018లో వోనేజ్ అనే ఇంటర్నెట్ ఫోన్ కంపెనీకి అమ్మేసింది. నార్వే టెలినార్ 2013లో అప్పియర్.ఇన్ అని, లింకు నొక్కితే తెరుచుకునే వీడియో గది పెట్టింది. జనానికి బాగా నచ్చింది. అయినా 2017లో చేతులు మారింది, ఇప్పుడు దాని పేరు వేర్‌బై. అమెరికాలో ఏటీ అండ్ టీ 2015లో తన మొబైల్ నంబరుని బ్రౌజర్‌తో కలిపే ఏపీఐ (బయటి ప్రోగ్రామర్లు వాడుకునే దారి) పెట్టింది. జపాన్‌లో ఎన్‌టీటీ కమ్యూనికేషన్స్ 2013లోనే ఇలాంటి సేవని స్కైవే పేరుతో డెవలపర్ల కోసం తెరిచింది. ఆఖరికి 2022లో టెలికాం పరికరాలు చేసే ఎరిక్సన్ సుమారు 620 కోట్ల డాలర్లు పెట్టి ఆ వోనేజ్‌నే కొన్నది. ఈ కథలో నాకు అర్థమైంది ఏమిటంటే, టెక్నాలజీ ఎక్కడా దెబ్బతినలేదు. ఆపరేటర్ దాన్ని తన నంబరుకి, తన బిల్లుకి, తన సేల్స్ వాళ్లకి అతికించలేకపోయిన చోట విడి కంపెనీలాగా మిగిలిపోయింది. విడి కంపెనీ అయితే ఆపరేటర్‌కి అందులో ప్రత్యేకత ఏముంది?

ఇక మీ సంగతి. మీరు మొదట దీన్ని ఎవరికీ అమ్మకండి, మీ దగ్గరే వాడండి. కస్టమర్ ఫోన్ చేసి "నెట్ రావట్లేదు" అంటాడు. మీ కుర్రాడు "బాక్సు మీద ఎర్ర లైటు వెలుగుతోందా" అని అడుగుతాడు. అవతల పెద్దాయన "ఏదో వెలుగుతోంది నాయనా" అంటాడు. పవర్ లైటో, లాస్ లైటో (ఫైబర్ సిగ్నల్ పోయిందని చెప్పేది) తెలియదు. కుర్రాడు బండేసుకుని రాప్తాడు దాకా పోతే, పసుపు ప్యాచ్ కార్డు ఊడిపోయి ఉంటుంది, లేకపోతే ఇల్లు ఊడ్చేటప్పుడు అడాప్టరు స్విచ్ ఆపేసి ఉంటారు. అదే కాల్‌లో ఉండగానే ఒక లింకు పంపి, మొబైల్ డేటా మీద వెనక కెమెరా తెరిపిస్తే? ఇంట్లోకి వచ్చే డ్రాప్ వైరు ఎక్కడ మెలిపడిందో, కనెక్టరు పచ్చదా నీలందా అన్నది కూడా ఆఫీసులో కూర్చుని చూడొచ్చు. ఫైబర్ నిజంగా తెగి ఉంటే దాన్ని అతికించే స్ప్లైసింగ్ మెషీను మొదటిసారే పట్టుకుని వెళ్తారు. నేను పెట్టిపెట్టిన చోట్ల అన్నిటికంటే తొందరగా ఖర్చు రాబట్టింది ఇదే. ఇందులో నంబరు కలపడం, లైసెన్సు, ట్రాన్స్‌కోడింగ్ (ఒక కోడెక్ నుంచి ఇంకోదానికి మార్చడం) ఏ గొడవా లేదు. కాల్ మామూలు ఫోన్‌లో నడుస్తుంది, బ్రౌజర్ వీడియో మాత్రమే మోస్తుంది.

అయితే లింకు ముందు పంపి తర్వాత కాల్ చేయకండి. వరస ముఖ్యం. డిజిటల్ అరెస్టు మోసాల తర్వాత తెలియని లింకు చూస్తే జనం భయపడుతున్నారు. భయపడాలి కూడా. కస్టమరే మీ నంబరుకి ఫోన్ చేశాడు, మీ కుర్రాడు "ఇప్పుడు మీకు మెసేజ్ వస్తుంది, చూడండి" అన్నాడు, 5 సెకన్లలో వచ్చింది. అప్పుడే నమ్ముతారు. వాట్సాప్‌కి లేనిది, ఆపరేటర్‌కి ఉన్నది ఈ వరసే. ఎస్‌ఎంఎస్ పంపాలంటే మీ హెడర్ (పంపేవాళ్ల పేరు), టెంప్లేటు (మెసేజ్ నమూనా) వ్యాపార ఎస్‌ఎంఎస్‌ల నమోదు వ్యవస్థ డీఎల్‌టీలో రిజిస్టర్ అయి ఉండాలన్నది మీకు తెలిసిందే. 2024 అక్టోబరు 1 నుంచి మెసేజ్‌లోని లింకు కూడా ముందుగా వైట్‌లిస్ట్ చేయించుకోవాలి (అనుమతి జాబితాలో పెట్టించుకోవాలి), లేకపోతే మెసేజ్ మధ్యలోనే ఆగిపోతుంది. ఊరికే లింకు కుదించే సైట్లు వాడకుండా మీ సొంత డొమైన్ వాడండి.

రెండో ఇబ్బంది అనుమతి బాక్సు. లింకు తెరవగానే బ్రౌజర్ "కెమెరా వాడుకోనివ్వాలా" అని అడుగుతుంది. మన పెద్దవాళ్లలో సగం మంది కంగారులో బ్లాక్ నొక్కేస్తారు. ఒకసారి బ్లాక్ నొక్కితే మళ్లీ అడగదు, సెట్టింగుల్లోకి వెళ్లి తీయాలి. అది ఫోన్‌లో చెప్పి చేయించడం నరకం. అందుకని లింకు తెరవగానే నేరుగా కెమెరా అడగకండి. ముందు పెద్ద అక్షరాల తెలుగులో "తర్వాత వచ్చే ప్రశ్నకు అనుమతించు నొక్కండి" అని ఒక పేజీ, దాని కింద ఒకే బటన్ పెట్టండి. ఆ పేజీ పెట్టాక మా దగ్గర సగం తలనొప్పి తగ్గింది. పేజీ హెచ్‌టీటీపీఎస్ (ఎన్‌క్రిప్ట్ అయిన వెబ్ కనెక్షన్) మీద లేకపోతే బ్రౌజర్ కెమెరా అసలు ఇవ్వదు, అది వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు నేను దెబ్బతిన్న కథ. ఒక ప్రైవేటు ఆసుపత్రికి డిశ్చార్జి తర్వాత రోగుల్ని వీడియోలో చూసే ఏర్పాటు చేసిచ్చాను. వాళ్ల వైఫైలో అద్దంలా పనిచేసింది. డెమోకి చప్పట్లు కొట్టారు. మరుసటి రోజు డాక్టరుగారు మొబైల్ డేటా మీద, రోగి ఇంకో నెట్‌వర్క్ మీద ఉంటే బొమ్మ లేదు, మాట లేదు, "కనెక్టింగ్" అని తిరుగుతూనే ఉంది. ఇల్లు అలకగానే పండగ కాదని ఆ రోజు తెలిసింది. తప్పు నాదే. స్టన్ సర్వర్ ఒక్కటే పెట్టి వదిలేశాను.

జరిగింది ఇదీ. ఇంటర్నెట్‌లో పాత తరహా ఐపీవీ4 చిరునామాలు చాలవు కాబట్టి ఆపరేటర్లు వందలమందిని ఒక పబ్లిక్ చిరునామా వెనక పెడతారు. మీరూ పెట్టే ఉంటారు, అదే సీజీనాట్. ఇలా చిరునామా మార్చే పెట్టెని నాట్ అంటారు. స్టన్ సర్వర్ పని "బయటికి నువ్వు ఏ చిరునామా, ఏ పోర్టుతో కనిపిస్తున్నావో" చెప్పడం. కొన్ని నాట్‌లు ఒక్కో గమ్యానికి ఒక్కో పోర్టు ఇస్తాయి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వచ్చిన ప్రతి చుట్టానికీ వేరే గేటు తీసినట్టు. స్టన్ చెప్పిన గేటు దగ్గరికి అవతలివాడు వస్తే తాళం వేసి ఉంటుంది. రెండు వైపులా అలాగే ఉంటే నేరుగా కలవడం కుదరదు, మధ్యలో టర్న్ సర్వర్ ఉండాలి. అది మీడియా మొత్తం తన మీద వేసుకుని అటూ ఇటూ అందిస్తుంది. కోటర్న్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. కాల్స్ మామూలుగా వాడే యూడీపీ పద్ధతితో పాటు టీసీపీ, టీఎల్‌ఎస్‌లని కూడా, వెబ్‌సైట్లు వాడే 443 పోర్టు మీద తెరిచి ఉంచండి. బ్యాంకులు, ప్రభుత్వ ఆఫీసుల ఫైర్‌వాల్‌లు యూడీపీని ఆపేస్తాయి, 443ని సాధారణంగా ఆపవు.

టర్న్ ఊరికే రాదు. చెరో వైపు సెకనుకు 500 కిలోబిట్లు పోయే వీడియో కాల్ 10 నిమిషాలు నడిస్తే సర్వర్‌లోకి 75 ఎంబీ వస్తుంది, మళ్లీ 75 ఎంబీ బయటికి పోతుంది. క్లౌడ్ కంపెనీలు ఈ బయటికి పోయేదానికే బిల్లు వేస్తాయి. మీరు బ్రాడ్‌బ్యాండ్ ఆపరేటర్ కాబట్టి ఆ సర్వర్‌ని మీ నెట్‌వర్క్‌లోనే పెట్టుకోవచ్చు. బయటివాడికి లేని వెసులుబాటు ఇది. నేను మొదట చవక అని సింగపూర్‌లో తీసుకున్నాను. కర్నూలు మాట సముద్రం దాటి మళ్లీ కర్నూలుకే రావాలి. డాక్టరు, రోగి ఒకరి మాట మీద ఒకరు పడుతున్నారు. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మనిషికి తెలియదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ప్రమాణం జీ.114 చెబుతుంది. ఆ హద్దు ఎందుకు పెట్టారో నాకు అర్థమైంది అప్పుడే. సర్వర్‌ని ముంబైకి మార్చాక సర్దుకుంది. కొత్త తరహా చిరునామాలు, అంటే ఐపీవీ6, మీ కస్టమర్లకు ఇంకా ఇవ్వకపోతే ఇవ్వండి. రెండు వైపులా ఐపీవీ6 ఉంటే చాలా కాల్స్‌కి టర్న్ అవసరమే రాదు.

"నా కాల్స్‌కి ముందు వరస ఇచ్చి, మిగతావి కాస్త నెమ్మది చేస్తే?" అని ఒక మిత్రుడు అడిగాడు. వద్దు. 2018 నుంచి మన దేశంలో నెట్ న్యూట్రాలిటీ (అన్ని యాప్‌లనీ ఒకేలా మోయాలి అనే) నియమాలు ఉన్నాయి. ఇంకో యాప్‌ని తొక్కి మీది లేపడం నేరుగా ఇబ్బందిలో పడటమే. దాని బదులు రౌటర్లలో అప్‌లోడ్ క్యూ సరిచేయండి. క్యూ పేరుకుపోకుండా చూసే కోడెల్ లాంటిది పెడితే ఇంట్లో ఒకరు పెద్ద ఫైలు పంపుతున్నా ఇంకొకరి మాట తెగదు. వాట్సాప్ కాల్ కూడా బాగుపడుతుంది. పడనివ్వండి, మంచి పేరు మీకే వస్తుంది.

ఇక నంబరుని బ్రౌజర్‌లోకి తేవడం, అంటే పైన చెప్పిన చీనీ మండీ కథ. అక్కడ ఇంజినీరింగ్ బరువు ఎక్కువ. ఫోన్ నెట్‌వర్క్‌లు కాల్ కలపడానికి వాడే భాష సిప్. బ్రౌజర్ దాన్ని నేరుగా మాట్లాడదు, వెబ్‌సాకెట్ (బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య తెరిచి ఉండే దారి) మీద మాట్లాడించాలి. దీనికి 2014లో ఆర్‌ఎఫ్‌సీ 7118 అనే ప్రమాణ పత్రం వచ్చింది. జేఎస్‌సిప్, సిప్.జేఎస్ లైబ్రరీలు ఉన్నాయి. ఇవతల ఆస్టరిస్క్ గానీ ఫ్రీస్విచ్ గానీ, ఇలా కాల్స్ కలిపే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే చిన్న పరిమాణానికి సరిపోతుంది. బ్రౌజర్ మీడియా ఎప్పుడూ ఎన్‌క్రిప్ట్ అయ్యే వస్తుంది, అది ఆపడం కుదరదు. సిప్ ట్రంకు వైపు మామూలు ఆర్‌టీపీ, అంటే ఎన్‌క్రిప్షన్ లేని మీడియా, ఉంటుంది. మధ్యలో ఎవరో విప్పి, మళ్లీ కట్టాలి. కోడెక్‌ది ఇంకో గొడవ. బ్రౌజర్‌లన్నిటిలో ఓపస్, జీ.711 అనే కోడెక్‌లు తప్పనిసరిగా ఉంటాయి. వోల్టే (4జీ మీద నడిచే కాల్) ఫోన్లలో ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్, ఈవీఎస్ అనే వేరే కోడెక్‌లు ఉంటాయి. రెండూ కలవాలంటే ట్రాన్స్‌కోడింగ్, దానికి సీపీయూ. కొందరు ఖర్చు తగ్గించుకోవడానికి బ్రౌజర్‌ని కూడా జీ.711కి కట్టేస్తారు. నాకది నచ్చదు. హెడర్లతో కలిపి సెకనుకు 80 కిలోబిట్లు దాటి తింటుంది, నాలుగు ప్యాకెట్లు పోతే మాట గరగరలాడుతుంది. ఓపస్ అందులో సగం తిని, పోయిన ప్యాకెట్లని తర్వాతి ప్యాకెట్‌లోంచి కొంత పూడ్చుకోగలదు. మన పల్లెల మొబైల్ సిగ్నల్‌కి అదే తట్టుకుంటుంది. ట్రాన్స్‌కోడింగ్ సర్వర్ దగ్గర చేసుకోండి.

పెద్ద ఆపరేటర్లకు ఈ పని, మొబైల్ ప్రమాణాలు రాసే త్రీజీపీపీ సంస్థ తన 12వ విడుదలలోనే రాసిపెట్టింది. బ్రౌజర్ నుంచి ఐఎంఎస్‌లోకి (ఆపరేటర్ కాల్స్ నడిపే వ్యవస్థలోకి) ఎలా రావాలి, ఎవరు గుర్తింపు చూడాలి, మీడియా గేట్‌వే ఎక్కడుండాలి అన్నీ ఉన్నాయి.

బ్రౌజర్ చేయలేని పని కూడా చెప్పాలి. అది నమ్మకంగా మోగదు. ట్యాబ్ మూసేస్తే కాల్ రాదు. ఐఫోన్‌లో వెబ్ నోటిఫికేషన్ 2023లో ఐఓఎస్ 16.4తో వచ్చింది, అది కూడా పేజీని హోమ్ స్క్రీన్ మీద పెట్టుకున్న వాళ్లకే. కాబట్టి కస్టమర్ వైపు బ్రౌజర్ ఎప్పుడూ కాల్ చేయడానికే, తీసుకోవడానికి కాదు. కౌంటర్‌లో రోజంతా తెరిచి ఉండే కంప్యూటర్ అయితే సరే. అక్కడ కూడా కరెంటు పోతే కాల్ మొబైల్‌కి మళ్లేలా పెట్టండి. ఈ ఒక్కటి మరిచిపోయి ఒక షాపు యజమాని చేత తిట్లు తిన్నాను. ఇంకోటి, కొన్ని సోషల్ యాప్‌ల లోపల లింకు నొక్కితే వాటి సొంత బ్రౌజర్ తెరుచుకుంటుంది, అందులో కెమెరా రాకపోవచ్చు. "క్రోమ్‌లో తెరవండి" అని చెప్పే బటన్ ఉంచండి.

లైసెన్సు విషయం తేలిగ్గా తీసుకోవద్దు. లింకు నొక్కి బ్రౌజర్ నుంచి బ్రౌజర్‌కి మాట్లాడటం ఒకటి. మన దేశపు మామూలు ఫోన్ నంబర్లతో కలపడం వేరొకటి. రెండోదానికి యాక్సెస్ సర్వీసు (మామూలు ఫోన్ సేవ) అనుమతి ఉన్న ఆపరేటర్ కావాలి. 2018లో టెలికాం శాఖ ఇంటర్నెట్ టెలిఫోనీకి దారి తెరిచింది కూడా వాళ్ల కోసమే. ఆ ఏడాదే బీఎస్‌ఎన్‌ఎల్ వింగ్స్ పేరుతో సిమ్ లేకుండా నంబరు ఇచ్చింది. మీకు ఉన్నది ఇంటర్నెట్ లైసెన్సే అయితే, అనుమతి ఉన్న ఆపరేటర్ దగ్గర సిప్ ట్రంకు తీసుకుని వాళ్ల షరతుల్లో నడపండి. నంబరు వాళ్లది, బ్రౌజర్ పేజీ, సపోర్టు, ఊరి సంబంధం మీవి. డొంగిల్స్‌లో సిమ్‌లు గుచ్చి కలిపేస్తానని ఎవరైనా వస్తే గుమ్మంలోంచే పంపేయండి. అది సిమ్ బాక్స్ (సిమ్‌ల గుత్తితో దొంగచాటుగా కాల్స్ మళ్లించే) నేరం, పోలీసులు నేరుగా మీ ఇంటికే వస్తారు.

మన అనంతపురం, కర్నూలు, కడప వైపు గిరాకీ ఎక్కడుంది అంటే, నా లెక్కలో మొదట ఆసుపత్రులు, ల్యాబులు. బ్రౌజర్‌లో డాక్టరుతో మాట్లాడటం మన పల్లెలకు మరీ కొత్తేమీ కాదు. ప్రభుత్వ టెలీమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో ఆరోగ్య కేంద్రాలకు పెద్దాసుపత్రి డాక్టర్లను కలిపే సేవను దేశంలో అందరికంటే ముందు, 2019 నవంబరులో, మొదలుపెట్టింది ఆంధ్రప్రదేశే. తర్వాత మండీలు, విత్తనాల షాపులు. రైతు తెగులు పట్టిన వేరుశనగ మొక్కని కెమెరాకి చూపిస్తే కౌంటర్‌లోంచే మందు చెప్పొచ్చు. కడప వైపు, కువైట్‌లో పనిచేసేవాళ్ల కుటుంబాలు ఉన్నాయి. ఇంట్లో వాళ్లతో మాట్లాడుకోవడానికి వాళ్లకు మన అవసరం లేదు. కానీ అక్కడున్న కొడుకు ఇక్కడి చిట్‌ఫండ్ ఆఫీసుతోనో, ఇల్లు కట్టే మేస్త్రీతోనో, స్కూలు ప్రిన్సిపాల్‌తోనో మాట్లాడాలంటే ఐఎస్‌డీ ఖర్చు ఉంది. ఆ ఆఫీసు వెబ్‌సైట్‌లో "ఇక్కడ నొక్కి మాట్లాడండి" అని బటన్ ఉంటే అతనికి ఉచితం, ఆఫీసుకి లాభం, బటన్ పెట్టినందుకు మీకు నెలవారీ డబ్బు. ఇది కూడా బ్రౌజర్ నుంచి బ్రౌజర్‌కే నడిపితే లైసెన్సు తలనొప్పి తక్కువ.

ధర నిమిషాల లెక్కన పెట్టకండి. నిమిషం అనగానే కస్టమర్ వాట్సాప్‌తో పోల్చి "అది ఫ్రీ కదా" అంటాడు. సీటుకి నెలకింత, లేదా బ్రాడ్‌బ్యాండ్ బిల్లులోనే "షాపు ప్లాన్" అని కలిపి అమ్మండి. కాల్ రికార్డు, మిస్డ్ కాల్ జాబితా, సాయంత్రానికి ఒక ఎస్‌ఎంఎస్ రిపోర్టు ఇస్తే యజమానులు దానికే పడిపోతారు. రికార్డు చేస్తే మాత్రం అవతలివాళ్లకి ముందే చెప్పాలి.

ముందు ముందు ఏమవుతుందో కూడా అడిగే ఉంటారు మనసులో. వెబ్‌ఆర్‌టీసీలో డేటా ఛానల్ అని ఒకటుంది, కాల్ నడుస్తుండగానే ఫైలు, స్క్రీన్, ఫారం పంపే దారి. అదే పద్ధతిని త్రీజీపీపీ మామూలు వోల్టే కాల్‌లోకి తెచ్చింది. దాన్ని ఐఎంఎస్ డేటా ఛానల్ అంటున్నారు. చైనా మొబైల్ "5జీ న్యూ కాలింగ్" పేరుతో నడుపుతోంది. అది మన ఫోన్ల డయలర్‌లోకి వస్తే, లింకు ఎస్‌ఎంఎస్ చేయాల్సిన పని కూడా ఉండదు, కాల్‌లోనే బటన్ కనిపిస్తుంది. ఫోన్ తయారీవాళ్లు, ఆపరేటర్లు ఇద్దరూ కలిసి రావాలి కాబట్టి నేను దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోను.

మీరైతే ఈ నెలలో లాస్ లైటు లింకు పెట్టండి. ఒక చిన్న సర్వర్ మీద కోటర్న్, ఒక తెలుగు పేజీ, ఒక వైట్‌లిస్ట్ అయిన టెంప్లేటు. కంప్లైంట్ పుస్తకంలో "వీడియోలో తేలింది", "వెళ్లాల్సి వచ్చింది" అని రెండు గడులు గీసి మీ కుర్రాళ్ల చేత టిక్కులు పెట్టించండి. నెల తర్వాత మండీ వ్యాపారి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకమే మీ డెమో. కాల్ కలవకపోతే క్రోమ్‌లో వెబ్‌ఆర్‌టీసీ ఇంటర్నల్స్ పేజీ తెరిచి, ఐస్ క్యాండిడేట్లలో (కాల్ కలవడానికి బ్రౌజర్ ప్రయత్నించే దారుల జాబితాలో) "రిలే" అన్న మాట ఉందో లేదో చూడండి. లేకపోతే టర్న్ పాస్‌వర్డో, ఫైర్‌వాల్ పోర్టో తప్పు. అప్పటికీ తేలకపోతే లాగ్ ఇక్కడ పెట్టండి, చూస్తాను. కస్టమర్ల నంబర్లు, ఐపీలు చెరిపేసి పెట్టండి తమ్ముడూ.